ఫినాయిల్ లేకుండా లాడ్జి గది శుభ్రం చేసే పద్ధతి

తిరుపతి లాడ్జిలో గది ఖాళీగా ఉండే సమయం చాలా తక్కువ. ఖాళీ చేసినవాళ్ల సంచులు ఆటోలోకి ఎక్కకముందే తర్వాతి కుటుంబం రిసెప్షన్‌లో కూర్చుని గడియారం చూస్తుంటుంది. పెరటాసి నెలలో తమిళనాడు భక్తులు వచ్చే రోజుల్లో, బ్రహ్మోత్సవాల్లో అయితే ఆ కాస్త విరామం కూడా ఉండదు. కపిలతీర్థం రోడ్డు వైపు ఒక చిన్న లాడ్జిలో హౌస్‌కీపింగ్ నేనే చూసుకుంటాను. పేరు పెద్దదిగా ఉంటుంది గానీ, పనంతా గదులు, బాత్రూములు, దుప్పట్లు, వాటి వెంట వచ్చే టెన్షన్. ఇప్పుడు మా స్టోరు గదిలో ఫినాయిల్ డబ్బాలు లేవు. బాత్రూం యాసిడ్ అసలే లేదు. ఏం వాడుతున్నామో, ఎలా వాడుతున్నామో, అమ్మేవాళ్లు చెప్పే కొత్త కోటింగుల్లో ఏది పనికొస్తుందో రాస్తున్నాను. ఇంట్లో కూడా ఇదే పద్ధతి నడుస్తుంది.

ముందు వాసన సంగతి తేల్చేయాలి. "ఏమ్మా, ఫినాయిల్ వాసనే రాలేదు, తుడిచినారా లేదా?" అని పెద్దవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. ఘాటు వాసన వస్తే కడిగినట్టు, రాకపోతే ఎగ్గొట్టినట్టు అని మనందరికీ అలవాటైపోయింది. ఒకే బకెట్ ఫినాయిల్ నీళ్లలో ముంచిన మాప్‌ను నాలుగు గదులు లాగితే మొదటి గది మురికి నాలుగో గది దాకా పల్చగా పరుచుకుంటుంది. కనబడకుండా పోతుందే గానీ బయటికి పోదు. మురికిని ఎత్తి బయటికి పంపించాలి, తర్వాత ఆ చోటు త్వరగా ఆరిపోవాలి. సూక్ష్మజీవులకు తిండీ తేమా రెండూ కావాలి కాబట్టి, ఆ రెండూ లేకుండా చేస్తే సగం పైన పని అయిపోయినట్టే.

గది నిజంగా శుభ్రంగా ఉందో లేదో చూడాలంటే ట్యూబ్‌లైట్ ఆపేసి, సెల్‌ఫోన్ టార్చ్‌ను బల్ల మీద పడుకోబెట్టినట్టు పెట్టి వెలుతురును అడ్డంగా పంపండి. పై నుంచి చూస్తే మెరుస్తున్న బల్ల మీద వేలిముద్రలు, తుడిచిన గుడ్డ చారలు, లడ్డూ నెయ్యి జిడ్డు అన్నీ లేచి కనబడతాయి. ఆసుపత్రుల్లో దీనికి ఏటీపీ మీటర్ అని ఒక పరికరం వాడతారు. జీవకణాలన్నిట్లో ఉండే ఏటీపీ అనే పదార్థం ఎక్కడైనా మిగిలి ఉంటే, మిణుగురు పురుగులో ఉండే ఎంజైమ్ లాంటిదే దానితో కలిసి వెలుగిస్తుంది. ఆ వెలుగు ఎంతుందో మీటర్ కొలుస్తుంది. మాకు టార్చ్ చాలు.

గుడ్డ దగ్గరే అసలు పని

కొత్త టెక్నాలజీ అనగానే అందరూ కోటింగులు, యంత్రాల వైపు చూస్తారు. నన్నడిగితే మొదటి రూపాయి మైక్రోఫైబర్ గుడ్డ మీద పెట్టమంటాను. దాని పోగు ఎంత సన్నమంటే 9,000 మీటర్ల పొడవున్నా ఒక గ్రాము బరువు తూగదు. జపాన్‌లో తోరే కంపెనీ ఇలాంటి సన్న పోగుతో 1970లో తోలులాంటి బట్ట తీసుకొచ్చింది. తుడిచే గుడ్డలు ఆ తర్వాత వచ్చాయి. మంచి గుడ్డలో ప్రతి పోగునూ పొడవునా చీలుస్తారు. అందుకే దాని అంచులు గుండ్రంగా కాకుండా కోణాలుగా ఉంటాయి. నూలు గుడ్డ మురికిని పక్కకు తోస్తుంది. చీలిన పోగు ఆ కోణాల మధ్య సందుల్లోకి నీటినీ జిడ్డునూ దుమ్మునూ లాక్కుని పట్టుకుంటుంది. సబ్బు లేకపోయినా చాలావరకు సూక్ష్మజీవులు గుడ్డతో పాటే వచ్చేస్తాయి. అక్కడే చంపదు, ఎత్తేస్తుంది అంతే. కాబట్టి ఆ గుడ్డను ఉతకకుండా ఇంకో చోట వాడితే ఎత్తినదాన్ని అక్కడ దింపినట్టే.

బజారులో మైక్రోఫైబర్ పేరుతో అమ్మేవన్నీ చీలిన పోగు కాదు. కొనేటప్పుడు రెండు పరీక్షలు చేయండి. అరచేతి మీద, ముఖ్యంగా పని చేసి గరుకెక్కిన చేతి మీద మెల్లగా లాగండి. మంచిదైతే చర్మానికి పట్టుకుంటుంది. కొందరికి ఆ స్పర్శే పడదు, ఒళ్లు జలదరిస్తుంది. తర్వాత బల్ల మీద నాలుగు చుక్కల నీళ్లు పోసి గుడ్డతో ఒక్కసారి తుడవండి. నీళ్లను ముందుకు నెడుతూ పోతే అది ఉత్త పాలిస్టర్. లేబుల్ మీద 80 శాతం పాలిస్టర్, 20 శాతం పాలియమైడ్ (నైలాన్ రకం) అని, లేదా 70, 30 అని ఉంటుంది. గది తుడవడానికి 300 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములుందో చెప్పే లెక్క) దగ్గర ఉన్నవి, అద్దాలకు కుచ్చులేని నున్నటి నేత ఉన్నవి తీసుకోండి.

వాడే తీరు ముఖ్యం. గుడ్డను సగానికి మడిచి, మళ్లీ సగానికి మడవండి. ఇప్పుడు విప్పుతూ తిప్పుతూ పోతే ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒక ముఖంతో టీవీ బల్ల, ఇంకోదానితో కిటికీ గట్టు, మరోదానితో తలుపు అంచు. ఒక ముఖం మురికైతే తిప్పాలి గానీ బకెట్‌లో ముంచి పిండి మళ్లీ వాడకూడదు. ముంచిన క్షణం నుంచి ఆ బకెట్ నీళ్లన్నీ మురికి నీళ్లే. గుడ్డను ముందే తడిపి గట్టిగా పిండి పెట్టుకోవాలి. పిడికిట్లో నొక్కితే చుక్క కారకూడదు, చెంపకు పెట్టుకుంటే మాత్రం చల్లగా తగలాలి. ఎక్కువ తడి ఉంటే సందులన్నీ నీళ్లతోనే నిండిపోయి మురికికి చోటుండదు.

చెయ్యి గుండ్రంగా తిప్పడం మానేయండి. ఒక అంచు నుంచి మొదలుపెట్టి, పాము మెలికలా ఇటు నుంచి అటు, ముందు గీసిన దారి మీద కాస్త ఎక్కుతూ కిందికి రావాలి. పై నుంచి కిందికి, శుభ్రమైన చోటు నుంచి మురికి చోటుకు. కమోడ్ ఎప్పుడూ ఆఖరు. మా దగ్గర పని చేసే అక్కకు ఈ మెలిక చెప్పినప్పుడు "ముగ్గు పెట్టినట్టే కదమ్మా" అని నవ్వేసింది. ఆ తర్వాత ఆమెకు మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

రంగులు పెట్టుకోండి. కమోడ్‌కు ఎరుపు, వాష్‌బేసిన్‌కూ బాత్రూం గోడలకూ పసుపు, గదికి నీలం, వంటింటికి ఆకుపచ్చ. ఇంగ్లండ్ నుంచి వచ్చిన పద్ధతి ఇది, పెద్ద హోటళ్లలో చాలాచోట్ల ఇదే నడుస్తుంది. చదువు రానివాళ్లు కూడా తప్పు చేయరు. ఇంట్లో నలుగురూ ఒకే గుడ్డ వాడే అలవాటుంటే రంగుల పద్ధతి మరీ అవసరం.

భక్తులు వదిలి వెళ్లే మరకలు

ఊరిని బట్టి మరకలుంటాయి. మా ఊళ్లో మొదటి మరక గంధం. కొండ మీద తలనీలాలు ఇచ్చి, గుండుకు గంధం పూసుకుని వచ్చి అలాగే మంచం మీద ఒరిగిపోతారు. దిండు గలీబుకు, మంచం తలవైపు చెక్కకు, గోడకు గుండ్రటి పసుపు ముద్రలు పడతాయి. ఎండిన గంధం మీద నీళ్లు పోయకండి. ముందు పాత ఏటీఎం కార్డు అంచుతో గీకేస్తే పొడిలా రాలిపోతుంది. తర్వాత తడి మైక్రోఫైబర్. గోడకు డిస్టెంపర్ వేసి ఉంటే మాత్రం తుడిచేకొద్దీ రంగు కూడా లేచి వస్తుంది. మంచం తల ఉన్న గోడకు నడుము ఎత్తు దాకా కడగదగ్గ పెయింటు వేయించుకోవడం మేలు.

నామకట్టు తెల్లమన్నే కాబట్టి వాష్‌బేసిన్‌లో ఎండినా నీటితో పోతుంది. కుంకుమ సంగతి వేరు. తడి తగిలిందంటే రంగు పారుతుంది. పొడిగా ఉన్నప్పుడే పొడి గుడ్డతో అద్ది ఎత్తేయాలి, రుద్దకూడదు. లడ్డూ పొట్లం పెట్టిన చోట నెయ్యీ చక్కెరా కలిసి ఉంటాయి. చీమలు బారులు తీరేది అక్కడే. దానికి చేయి ఓర్చుకునేంత వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డ చాలు. మరీ పేరుకుంటే రెండు మూడు చుక్కల కుంకుడుకాయ రసం. కుంకుడులో ఉండే సాపోనిన్లు జిడ్డును నీళ్లలో కలిపేస్తాయి. రసం తీసి ఉంచుకుంటే రెండు మూడు రోజుల్లో పులిసిపోతుంది, కాబట్టి కొంచెం కొంచెంగానే ఉడకబెట్టుకోవాలి. స్విచ్ బోర్డు, టీవీ రిమోట్, గడియ, ట్యాప్ తల, ఫ్లష్ బటన్ అందరి చేతులూ తగిలే చోట్లు. చాలామంది నేల మూడుసార్లు తుడిచి వీటిని మర్చిపోతారు.

ఉప్పునీళ్ల బాత్రూం

తిరుపతిలో బోరు నీళ్లు వాడే ఇంటి బాత్రూం చూడగానే గుర్తుపట్టొచ్చు. ట్యాపుల మొదట్లో తెల్లటి గట్టి తెట్టు, షవర్ రంధ్రాలు సగం మూసుకుపోయి నీళ్లు పక్కలకు చిమ్మడం, బకెట్ లోపల బూడిద రంగు పొర. ఆ తెట్టులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. నీళ్లు ఆరిపోతే అందులో కరిగి ఉన్నది అక్కడే మిగులుతుంది. తెట్టు పైభాగం గరుకుగా ఉంటుంది కాబట్టి సబ్బు జిడ్డూ నాచూ దానికే పట్టుకుంటాయి. మొదట సున్నపు తెట్టు తీయకుండా ఎంత తోమినా మళ్లీ వారానికే నల్లబడుతుంది.

యాసిడ్ పోస్తే నిమిషంలో పోతుంది, నిజమే. దాంతోపాటు టైల్స్ మధ్య సిమెంటు కూడా కరిగిపోతుంది, ట్యాప్ మెరుగు పోతుంది, పొగ పీల్చిన మనిషికి దగ్గు పట్టుకుంటుంది. అదే బకెట్‌లో బ్లీచింగ్ పౌడర్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. చిన్న బాత్రూంలో తలుపేసుకుని అలా కలపడం ప్రాణాంతకం.

దానికి బదులు నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ పొడి వాడండి. కిరాణా కొట్లో దొరుకుతుంది. అది కూడా రసాయనమే, కాదని నేననను. కానీ చేతిని కాల్చదు, ఊపిరికి అడ్డం పడదు. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు పెద్ద చెంచాలు కలపండి. పాత నూలు గుడ్డను అందులో ముంచి ట్యాప్ మొదట్లో చుట్టి పావుగంట వదిలేయండి. గుడ్డ ఎత్తి చూస్తే తెట్టు అంచున సన్నటి బుడగలు లేస్తుంటాయి. ఆమ్లం కార్బొనేట్‌ను తింటున్నప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ అది. బుడగలు ఆగిపోతే ఆ ద్రావణం పని అయిపోయినట్టు, మళ్లీ కొత్తది ముంచాలి. షవర్ తలకు అయితే ఒక ప్లాస్టిక్ కవర్‌లో ద్రావణం పోసి, తల మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టేసి, రాత్రి పడుకునే ముందు పెడితే తెల్లారేసరికి రంధ్రాలు తెరుచుకుంటాయి. తర్వాత మామూలు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. నిమ్మ ఉప్పునైనా బ్లీచింగ్‌తో కలపకూడదు.

మన జిల్లావాళ్లు ఒకటి తప్పనిసరిగా చూసుకోవాలి. మీ బాత్రూం గట్టు, వంటింటి అరుగు కడప బండదా, గ్రానైటా? రెండూ నల్లగా ఉండొచ్చు. చిత్తూరు వైపు క్వారీల్లో తీసే గ్రానైట్ నిమ్మ ఉప్పుకు అంత సులువుగా లొంగదు. కడప బండ సున్నపురాయి. ట్యాప్ తెట్టును తినే ఆమ్లమే దాన్నీ తింటుంది. కనబడని మూల ఒక చుక్క నిమ్మరసం వేసి రెండు నిమిషాలు ఆగండి. బుడగ వచ్చినా, తుడిచాక అక్కడ మసకబారిన మచ్చ మిగిలినా అది సున్నపురాయే. పాలరాయికీ ఇదే వరస. అలాంటి బండకు నిమ్మకాయ, వెనిగర్, చింతపండు ఏవీ దగ్గరికి రానివ్వకండి. తడిగుడ్డ, అవసరమైతే కొంచెం సబ్బు, అంతే.

తెట్టు పోయాక రోజూ చేయాల్సిన పని ఒక్కటే, వైపర్‌తో నీళ్లు లాగేయడం. స్నానం చేసినవాళ్లే గోడకూ అద్దానికీ నేలకూ ఒకసారి వైపర్ లాగితే తెట్టు కట్టడానికి నీళ్లే మిగలవు. ఇంట్లో వాళ్లకు ఈ అలవాటు చేయించడం మాత్రం యాసిడ్ మాన్పించడం కంటే కష్టం. మా ఇంట్లో పిల్లలు ఇంకా తప్పించుకునే దారులే వెతుకుతున్నారు.

బాత్రూం మీద కాస్త ఎక్కువ డబ్బు పెట్టగలిగితే నా ఓటు టైల్స్ మధ్య సందులకు. మామూలు సిమెంటు గ్రౌట్ నీటిని పీలుస్తుంది. లోపలికి పోయిన మురికిని ఏ గుడ్డా తీయలేదు. పాత గ్రౌట్‌ను పైపైన రెండు మూడు మిల్లీమీటర్లు గీకించి ఎపాక్సీ గ్రౌట్ నింపిస్తే నీళ్లు లోపలికి దిగవు, మురికి ఒక్క తుడుపుతో పోతుంది. కొత్త కమోడ్ కొనేటట్టయితే లోపలి అంచు మడత లేని రిమ్‌లెస్ రకం తీసుకోండి. పాత రకాల్లో బ్రష్ అందని మురికంతా ఆ మడత కిందే ఉంటుంది. స్టీలు పీచుతో ట్యాపులనూ సింకునూ తోమడం ఈ రోజే ఆపేయండి. ప్రతి గీతా రేపటి మురికికి ఇల్లు కట్టి ఇవ్వడమే.

తామరాకు కోటింగులు

తిరుచానూరులో పద్మసరోవరం ఉన్న ఊరివాళ్లం, తామరాకు మీద నీటిబొట్టు గురించి మనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. అయితే అది ఎందుకు నిలవదో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ బార్త్‌లాట్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసి వివరించాడు. 1997లో అచ్చయిన ఆయన వ్యాసం తర్వాతే ఈ విషయానికి లోకమంతా పేరు వచ్చింది. ఆకు పైన కంటికి కనబడని బొడిపెలు, ఆ బొడిపెల మీద మైనపు సన్న స్ఫటికాలు ఉంటాయి. నీటిబొట్టు వాటి కొసల మీదే నిలబడి, దాదాపు ఉండలా అయి దొర్లిపోతూ దుమ్మును వెంటబెట్టుకు పోతుంది.

షవర్ అద్దాలకు, కిటికీలకు అమ్మే నానో కోటింగులు ఈ గుణాన్నే కొంతవరకు తెస్తాయి. కొంతవరకు అంటున్నాను, ఎందుకంటే తామరాకు పెరిగేకొద్దీ తన మైనపు పొరను తనే బాగు చేసుకుంటుంది, మన అద్దం చేసుకోలేదు. రోజూ రాపిడి తగిలే చోట పూత అరిగిపోతుంది. ఒక కోటింగ్ అమ్మే ఆయన మా దగ్గరికి వచ్చి "ఇది వేస్తే ఇంక తుడవనక్కర్లేదు మేడం" అన్నాడు. నీటిబొట్టు దొర్లకుండా అద్దం మీద ఆగి ఎండితే బోరు నీళ్లలోని ఉప్పు ఎక్కడికి పోతుందన్నా అని అడిగితే బ్రోచర్ తిరగేశాడు. పూత ఉన్నా బొట్టు ఎండిన చోట మచ్చ పడుతుంది. తుడవడం తేలికవుతుందే గానీ తప్పదు.

వేయించుకోవాలనుకుంటే ఇలా వేయండి. అద్దాన్ని నిమ్మ ఉప్పుతో పూర్తిగా తెట్టు లేకుండా కడిగి, నీళ్లతో కడిగి, ఆరనిచ్చి, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన నున్నటి గుడ్డతో తుడవండి. జిడ్డు మీద వేసిన పూత జిడ్డుతోనే ఊడిపోతుంది. స్ప్రే రకం కొనకండి. మూసిన బాత్రూంలో ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు. స్పాంజి ముక్కతో రుద్దే రకం తీసుకుని, కిటికీ తెరిచి, ఫ్యాన్ వేసి, గ్లవ్స్ తొడుక్కుని పల్చగా రాయండి. డబ్బా మీద చెప్పినంత సేపు ఆరనివ్వండి. ఫ్లోరిన్ సమ్మేళనాలు ఉన్నవాటిలో కొన్ని నీళ్లలో, నేలలో ఎన్నేళ్లకూ విరిగిపోవు. వాటినే పీఎఫ్ఏఎస్ అంటారు, అది లేదని రాసి ఉన్నవే చూడండి. ఆ తర్వాత ఆ అద్దం మీద తోమే పౌడరు వాడితే పెట్టిన డబ్బంతా మోరీలోకే.

ఇంకో రకం పూత టైటానియం డయాక్సైడ్. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా దీని గురించి నేచర్ పత్రికలో రాశారు. అతినీలలోహిత కాంతి పడినప్పుడు దీని మీద చురుకైన ఆక్సిజన్ రకాలు పుట్టి, అంటుకున్న జిడ్డును మెల్లగా విరగ్గొడతాయి. పైగా ఇది నీటిని ఉండలా చుట్టదు, పల్చటి పొరలా పరిచేస్తుంది. అందుకే వాన పడితే మురికి జారిపోతుంది. పిల్కింగ్టన్ కంపెనీ ఇలాంటి అద్దాన్ని 2001 నుంచే అమ్ముతోంది. మిద్దె మీద ఎండ పడే కిటికీలకు, బయటి అద్దాలకు బాగుంటుంది. కిటికీ లేని బాత్రూంలో దండగ. ఎల్ఈడీ బల్బు నుంచి ఆ కాంతి దాదాపు రాదు. చీకట్లో కూడా పని చేస్తుందని ఎవరైనా అంటే, రాగి కలిపారా, వెండి కలిపారా, ఏ పరీక్ష చేశారు అని అడిగి కాగితం చూపించమనండి.

ఇత్తడి గడియలు

మన అమ్మమ్మల కాలం ఇళ్లలో ఇత్తడి గడియలు, రాగి చెంబులు ఉండేవి. అవి తీసేసి స్టీలూ ప్లాస్టిక్కూ పెట్టుకున్నాం. 2008లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ రాగికీ, రాగి 60 శాతానికి తగ్గని మిశ్రమ లోహాలకూ బ్యాక్టీరియాను చంపే పదార్థాలుగా రిజిస్ట్రేషన్ ఇచ్చింది. పరీక్షల్లో రెండు గంటల్లో 99.9 శాతం పైగా బ్యాక్టీరియా చచ్చిపోయింది. లోహం నుంచి విడుదలయ్యే రాగి అయాన్లు వాటి పైపొరను చీల్చి, లోపలి డీఎన్ఏను పాడు చేస్తాయి. 2020లో కోవిడ్ వైరస్‌తో చేసిన పరీక్షలో ప్లాస్టిక్ మీద 72 గంటల దాకా బతికి ఉన్న వైరస్ రాగి మీద 4 గంటల తర్వాత దొరకలేదు.

మేము తలుపు హ్యాండిళ్లు మార్చాల్సి వచ్చినప్పుడు ఇత్తడివే వేయించాం. కొనేటప్పుడు ఒకటి చూడండి. తళతళ మెరుస్తూ ఎప్పటికీ నల్లబడదని చెప్పే హ్యాండిల్‌కు పైన లక్కర్ అనే వార్నిష్ లాంటి పూత పూసి ఉంటుంది. చెయ్యి తగిలేది లక్కర్‌కే, ఇత్తడికి కాదు. నానబెట్టిన చింతపండు రాసి చూడండి, కొంచెం కూడా రంగు మారకపోతే పూత ఉన్నట్టే. పూత లేని ఇత్తడి మసకబారినా తన పని తాను చేస్తూనే ఉంటుంది, కాబట్టి మెరుపు కోసం రోజూ తోమనక్కర్లేదు. దాని మీద నూనె చేతుల జిడ్డు, పసుపు, కుంకుమ పేరుకోకుండా తడిగుడ్డతో తుడిస్తే చాలు. మెరిపించాలనిపిస్తే చింతపండుకు కాస్త ఉప్పు కలిపి రుద్ది, వెంటనే కడిగి, తడి లేకుండా తుడవండి.

రెండు గంటలు అన్న మాట మర్చిపోవద్దు. ఇప్పుడు ఒకరు ముట్టుకున్న గడియను అర నిమిషంలో ఇంకొకరు ముట్టుకుంటే రాగి ఏమీ చేయలేదు. చేతులు సబ్బుతో కడుక్కోవాల్సిందే. వెండి కలిపిన గుడ్డల సంగతీ ఇంతే. గుడ్డ కంపు కొట్టకుండా ఆ వెండి ఉపయోగపడుతుంది, తుడిచిన బల్లను అది శుద్ధి చేయదు.

ఆవిరి, నల్లులు

లాడ్జి నడిపేవాళ్లకు నిద్ర లేకుండా చేసేవి నల్లులు. మందు కొడితే ఆ గది కొన్ని గంటలు ఇవ్వలేం, పిల్లలు పడుకునే పరుపు మీద మందు అంటే నాకు మనసు ఒప్పదు. చేతిలో పట్టుకునే స్టీమ్ క్లీనర్ ఇక్కడ బంగారం. 50 డిగ్రీలు దాటిన వేడికి నల్లులు చస్తాయి, గుడ్లకు ఇంకొంచెం ఎక్కువ కావాలి. ఆవిరి అంతకంటే ఎంతో వేడిగా వస్తుంది, కానీ తగిలినంత సేపే. పరుపు కుట్లు, మంచం చెక్కల సందులు, తలవైపు బోర్డు వెనక, కర్టెన్ మడతలు, ఒక్కో చోట కొన్ని సెకన్లు ఆగుతూ చాలా మెల్లగా జరగాలి. సన్న ముక్కుతో జోరుగా కొడితే నల్లులు ఎగిరి పక్కకు పడతాయి. వెడల్పు ముక్కుకు ఒక గుడ్డ చుట్టి వాడండి. తర్వాత పరుపును పూర్తిగా ఆరనివ్వకపోతే బూజు పడుతుంది. వారం పది రోజులకు మళ్లీ ఒకసారి చేయాలి, తప్పించుకున్న గుడ్లు ఆలోగా పొదిగి ఉంటాయి. స్విచ్ బోర్డులు, టీవీ, చల్లటి అద్దం, పాలిష్ చేసిన చెక్క వీటి దగ్గరికి ఆవిరి తీసుకుపోవద్దు. యంత్రంలో బోరు నీళ్లు పోస్తే లోపల తెట్టు కట్టి నెలల్లో మూలన పడుతుంది, ఫిల్టర్ నీళ్లు పోయండి.

మందు తప్పని సందర్భాలు

ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయినా, రక్తం పడినా మైక్రోఫైబర్ మీద నమ్మకం పెట్టుకుని కూర్చోకండి. అప్పుడు క్లోరిన్ కావాలి, అందుకని మా స్టోరులో ఒక సీసా హైపోక్లోరైట్ (క్లోరిన్ ఉండే బ్లీచ్ ద్రావణం) తాళం వేసి ఉంచుతాం. గ్లవ్స్ వేసుకుని, పడినదాన్ని పాత పేపర్లతో ఎత్తి కవర్‌లో కట్టేయండి. ఆ చోటు సబ్బు నీళ్లతో కడిగాక 5 శాతం ద్రావణం ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పోసి పది నిమిషాలు తడిగా ఉంచండి. అంటువ్యాధి ఉన్న మనిషి వాడిన బాత్రూంకు ఒక వంతుకు 49 వంతులు చాలు. ఏ రోజుకు ఆ రోజే కలుపుకోవాలి, నిల్వ ఉంటే బలం పోతుంది. ఈ పనికి వాడిన గుడ్డ మళ్లీ ఉతకరాదు, పారేయాల్సిందే.

గుడ్డల ఉతుకుడు

మైక్రోఫైబర్ గుడ్డలను 60 డిగ్రీల వేడి నీళ్లలో, కొంచెమే సర్ఫ్ వేసి ఉతకండి. కంఫర్ట్ లాంటి మెత్తబరిచే ద్రావణం వేశారంటే పోగుల సందులు మూసుకుపోయి మామూలు గుడ్డ అయిపోతుంది. బ్లీచ్ వద్దు, ఇస్త్రీ వద్దు. తువ్వాళ్లతో కలిపి వేస్తే నూలు పీచంతా వీటికే అంటుకుంటుంది, తర్వాత అద్దం తుడిస్తే తెల్లటి నూగు మిగులుతుంది. ఇవి ప్లాస్టిక్ పోగులే కాబట్టి ప్రతి ఉతుకులో సన్నటి ముక్కలు మోరీలోకి పోతాయి. నాకు ఈ పద్ధతిలో నచ్చని విషయం ఇదొక్కటే. అందుకే సగం మెషిన్‌కు రోజూ వేయకుండా నిండిన తర్వాతే వేస్తాం, సన్న కన్నుల వల సంచిలో పెట్టి వేస్తాం. ఒక్క ధూళి దులపడానికైతే పాత లుంగీ గుడ్డే వాడతాం.

ఎండాకాలంలో మిద్దె మీద నీడ పట్టున ఆరేస్తే గంటలో ఆరిపోతాయి. నవంబరు వానల్లోనే ఇబ్బంది. తడి గుడ్డను బకెట్ అంచున వేలాడదీసి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి పుల్లటి కంపు, దానితో తుడిచిన బల్లకూ అదే కంపు. వాన రోజుల్లో మా స్టోరు గదిలో తీగ కట్టి, గుడ్డకూ గుడ్డకూ మధ్య జానెడు ఎడం వదిలి, టేబుల్ ఫ్యాన్ పెడతాం. ముట్టుకుంటే చల్లగా తగిలిన గుడ్డను మరుసటి రోజు గదికి పంపం.